ఆకలితో ఉన్న పురుగు చచ్చినట్టు కాదు

కిరాణం దుకాణంలో పనికి కుదిరిన కుర్రాడికి ముందు త్రాసు అప్పగిస్తారు. నమ్మకం కుదిరాక గల్లా దగ్గర కూర్చోబెడతారు. ఈ రెండింటి మధ్య ఎప్పుడో ఒకరోజు సరుకు గది తాళంచెవి చేతికొస్తుంది. దాంతోపాటు ఎవరూ నోరు తెరిచి చెప్పని ఇంకో బాధ్యత కూడా నెత్తిన పడుతుంది. అది పురుగు. అమ్మిన బియ్యం మూట తిరిగొస్తే సేట్ ముందు పిలిచేది మిమ్మల్నే.

సికింద్రాబాద్‌లోని సీతాఫల్‌మండి, మైలార్‌గడ్డ, నామాలగుండు, వారాసిగూడ గల్లీల్లో ఇలాంటి సరుకు గదులకు కొదవ లేదు. పక్కనే ఉస్మానియా యూనివర్సిటీ, చుట్టూ అద్దె గదుల్లో చదువుకునే పిల్లలు, వాళ్ళకి అన్నం పెట్టే మెస్సులు, పొద్దున్నే పొయ్యి వెలిగించే టిఫిన్ సెంటర్లు, సందు చివర పిండి గిర్ని. వీటిలో పనిచేసేవాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు. మందుల పేర్లు, ధరలు ఇందులో తక్కువ. కష్టకాలంలో పురుగు ఏం చేస్తుందో ఎక్కువగా చెబుతాను. అది తెలిస్తే మీ పని సగం తగ్గుతుంది, మిగతా సగం ఎప్పుడు చేయాలో తెలుస్తుంది.

తిండి లేకుండా చేశాం, ఎండకు పెట్టాం, మందు చల్లాం, ఇక పోయినట్టేనని మనం చేతులు దులుపుకుంటాం. పురుగు లెక్క వేరు. తిండి దొరక్కపోతే కొన్ని పురుగులు పెరగడం మానేసి ఏ గోడ పగుల్లోనో కూర్చుంటాయి. కొన్ని తమ గుడ్లనే తింటాయి. కొన్నిటి పిల్లలు పెద్దయ్యేసరికి ఎగరగలిగే రూపంతో బయటికొస్తాయి. వేడి తగిలితే అడుగుకు పోతాయి, గాలి తగ్గితే శ్వాస తగ్గిస్తాయి. కోట్ల ఏళ్ళుగా కరువులు చూసిన జాతి అది. సగం చేసి వదిలేసిన పని దాన్ని చంపదు, గట్టివాటిని ఏరి మిగులుస్తుంది.

బియ్యంతో మొదలుపెడదాం. ఫిర్యాదులన్నీ అక్కడినుంచే వస్తాయి.

జూలైలో మూటలు తిరిగొస్తాయి గానీ ఆ తప్పు జూలైలో జరిగింది కాదు. బియ్యంలో మనం చూసే ముక్కుపురుగు, గోధుమరంగులో ముందుకు సాగిన తొండంలాంటి ముక్కుతో ఉండేది, గింజకు చిన్న గాటు పెట్టి లోపల ఒక గుడ్డు పెడుతుంది. పైన జిగురు లాంటి పదార్థంతో మూసేస్తుంది. ఆ మూత మామూలు కంటికి ఆనదు. పిల్ల గింజలోనే పుట్టి, గింజనే తిని, లోపలే పెద్దదై గుండ్రంగా చిల్లు చేసుకుని బయటపడుతుంది. 30 డిగ్రీల వేడి, గాలిలో తేమ ఉంటే గుడ్డునుంచి పెద్ద పురుగు దాకా ఇదంతా దాదాపు నెల రోజుల పని. ఒక్కో ఆడపురుగు తన జీవితకాలంలో 300 దాకా గుడ్లు పెట్టగలదు. చలి ఎక్కువైతే అదే పనికి మూడు నెలలు పట్టొచ్చు.

ఇప్పుడు మన ఊరి సంవత్సరం చూడండి. మే నెలలో రేకుల కప్పు కింద గది 40 డిగ్రీలు దాటుతుంది. గింజలో తేమ పడిపోతుంది. అంత వేడిలో ముక్కుపురుగు సంతానం పెరగదు. పెద్ద పురుగులు పైపొర వదిలి మూట మధ్యకు, నేలకు ఆనిన అడుగుకు, ఎక్కడ కాస్త చల్లగా ఉంటే అక్కడికి జరుగుతాయి. మీరు మూతి విప్పి పైన గుప్పెడు తీసి చూస్తే బియ్యం తళతళలాడుతూ ఉంటాయి. 'శుభ్రంగానే ఉంది సేట్' అంటారు. జూన్‌లో వానలు మొదలై గాలి చెమ్మగిల్లగానే అడుగున దాక్కున్నవి మళ్ళీ గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. ఇంకో నెల తిరిగేసరికి మూట నిండా పురుగు. ఆ మూట కొన్నావిడ మీ దుకాణం ముందు నిలబడి పదిమంది వినేలా మాట్లాడుతుంది. ఆమె తప్పేం లేదు.

అందుకని పరీక్ష మే నెలలోనే జరగాలి, అదీ అడుగునుంచి జరగాలి. మూటలో గుచ్చి గింజలు లాగే ఇనుప గొట్టం ఉంటుంది, హోల్‌సేల్ వాళ్ళ దగ్గర చూసే ఉంటారు. అది ఒకటి కొనిపించుకోండి. మూట అడుగునుంచి, మధ్యనుంచి, కుట్టు పక్కనుంచి గింజలు తీసి సన్నటి జల్లెడలో వేసి తెల్లకాగితం మీద జల్లించండి. కాగితం మీద రాలిన నుసిని వెంటనే పారేయకండి. దానిమీద కొద్దిగా ఊపిరి వదిలి కాసేపు చూస్తూ ఉండండి. వెచ్చటి గాలి తగలగానే అప్పటిదాకా కాళ్ళు ముడుచుకుని రవ్వలా పడి ఉన్నది కదులుతుంది. ముట్టుకోగానే చచ్చినట్టు పడి ఉండడం ముక్కుపురుగుకు వెన్నతో పెట్టిన విద్య. కదలనిదల్లా చచ్చిందనుకుని జల్లించిన నుసిని గది మూలకే ఊడ్చేసే కుర్రాళ్ళు తామే తోలిన పురుగును మళ్ళీ తామే లోపలికి పిలుస్తున్నారు. నుసిని సంచిలో మూతిగట్టి గది బయటికి తీసుకుపోవాలి. పురుగులేవీ కనపడకపోయినా ఒక గుప్పెడు గింజలు గ్లాసు నీళ్ళలో వేసి చూడండి. లోపల తొలిచిన గింజలు చాలావరకు పైకి తేలతాయి. ఇంకొకటి, మూట మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టినప్పుడు ఒకచోట మిగతాచోట్ల కన్నా వెచ్చగా తగిలిందంటే అక్కడ సంత నడుస్తోందని అర్థం. గుంపుగా ఉన్న పురుగులు వదిలే ఊపిరివల్లనే ఆ వేడి, దాంతోపాటు తేమ కూడా.

పురుగు కనపడగానే ఎండలో పోయమంటారు పెద్దవాళ్ళు. మంచిదే, కానీ ఎలా పోస్తున్నామన్నది ముఖ్యం. బియ్యం మరీ ఎండితే నెర్రెలిచ్చి నూకవుతుంది, దాంతో ధర పడిపోతుంది. పైగా డాబా మీద పలుచగా పరిస్తే వేడి తగిలిన పెద్ద పురుగులు చావకముందే పరుపు అంచు దాటి గోడ పగుళ్ళలోకి నడిచిపోతాయి. గింజలోపల ఉన్న పిల్లకు ఆ కాసేపటి వెచ్చదనం చాలదు. చంపేంత కాకుండా ఓ మోస్తరు వేడి తగిలిన పురుగుల ఒంట్లో వేడిని తట్టుకునే మాంసకృత్తులు తయారవుతాయి, తర్వాత అంతకన్నా ఎక్కువ వేడిని కూడా అవి ఓర్చుకోగలవు. 50 డిగ్రీలు దాటి, 60కి చేరువగా, గంటసేపు గింజ లోపలిదాకా వేడి పట్టాలి. పప్పుధాన్యాలకైతే మే ఎండలో నల్లటి టార్పాలిన్ మీద పోసి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచుల మీద ఇటుకలు పెడితే ఆ వేడి వస్తుంది. విత్తనాలకు, బియ్యానికి మాత్రం ఈ పద్ధతి వద్దు. మెస్సులో కొద్దిపాటి గోధుమపిండో, రవ్వో అయితే డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా పోతాయి. పొద్దున పెట్టి సాయంత్రం తీస్తే పురుగుకు చలి తప్ప ఇంకేం తగలదు.

పప్పుధాన్యాల సంగతి వేరే. పెసలు, అలసందలు, శనగలు, కందులు, అంటే పొట్టుతో ఉన్న నిండు గింజలు. వీటి మీద తెల్లటి చుక్కలు అంటుకుని ఉంటే అవి పుచ్చుపురుగు గుడ్లు. గింజ మీద గుండ్రటి కన్నం ఉంటే పెద్దది ఎగిరిపోయినట్టు. ఈ పురుగు పెద్దదయ్యాక నిలవ గింజల్లో ఏమీ తినదు. బతికే వారం పది రోజులూ జత కట్టడం, గుడ్లు పెట్టడమే దాని పని. అంచేత దాన్ని ఆకలితో మాడ్చి చంపుదామన్న ఆలోచనకు అర్థమే లేదు.

అలసందల పుచ్చుపురుగు చేసే ఇంకో పని నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే. దీనికి రెండు రకాల పెద్ద రూపాలు ఉంటాయి. తిండి దండిగా ఉండి, గుంపు పలుచగా ఉంటే పుట్టేది బద్ధకపు రకం. ఎక్కువ దూరం ఎగరదు, పుట్టిన సంచిలోనే గబగబా గుడ్లు పెట్టేస్తుంది. ఒకే గింజలో, ఒకే సంచిలో పిల్లలు కిక్కిరిసి వేడి పెరిగితే, ఆ పిల్లల్లోనుంచి వచ్చే పెద్దవి వేరే తీరుగా ఉంటాయి. ఒంట్లో కొవ్వు ఎక్కువ, గుడ్లు పెట్టడానికి తొందర తక్కువ, రెక్కల సత్తువ ఎక్కువ. జపాన్‌లో ఉటిడా అనే శాస్త్రవేత్త గత శతాబ్దంలో ఈ రెండు రూపాల మీద చాలాకాలం పనిచేశాడు. దుకాణంలో దీని అర్థం చాలా సులువు. పురుగు పట్టిన అలసందల సంచిని 'ఇది ఎలాగూ పోయింది, తర్వాత చూద్దాం' అని మూలన వదిలేస్తే, సరిగ్గా అందులో తిండి అయిపోవచ్చే వేళకే ఎగిరే దండు తయారై పక్కన పెసల మీదికి పోతుంది. చెడిపోయిన సరుకును ముందు బయటికి పంపాలి, లెక్కలు తర్వాత రాసుకోవచ్చు.

పప్పుల్ని కాపాడడానికి మన ఇళ్ళలో ఒక పాత పద్ధతి ఉంది, కందులకు ఆముదం పట్టించడం. దాని వెనక మంచి శాస్త్రమే ఉంది. నూనె పొర గుడ్డుకు గాలి ఆడనివ్వదు, గుడ్డు గింజకు సరిగా అంటుకోనివ్వదు. కిలోకి ఒక చిన్న చెంచాడు నూనె చాలు. కానీ గింజ గింజకూ పట్టేలా అరచేతులతో రుద్దాలి, పైన పోసి సంచి ఊపితే కాదు. వేపాకు వేస్తే కొన్ని పురుగులు దూరం జరుగుతాయి గానీ గింజ లోపల ఉన్నవి చావవు. బోరిక్ పొడి ఇంట్లో వాడుకునేవాళ్ళు వాడుకుంటారేమో, అమ్మే బియ్యంలో, పదిమందికి వండిపెట్టే బియ్యంలో కలపకూడదు.

అంతకన్నా గట్టి ఉపాయం గాలి చొరబడని డ్రమ్ము. ఇందులో పురుగు చచ్చే తీరు తెలిస్తే డ్రమ్ము వాడే పద్ధతి దానంతటదే తెలుస్తుంది. మూత బిగించాక లోపలి పురుగులే లోపలి ఆక్సిజన్‌ను వాడేస్తాయి. ఆక్సిజన్ బాగా తగ్గాక పుచ్చుపురుగు పిల్లలు తినడం ఆపేస్తాయి. ఊపిరాడక అప్పటికప్పుడు పోతాయనుకుంటాం, అలా పోవు. శ్వాస తగ్గించుకుని చాలా రోజులు ఓపిక పడతాయి. కానీ ఎండుగింజలో బతికే పురుగుకు తాగడానికి నీళ్ళు లేవు కదా, తిన్న పిండిని ఒంట్లో దహించుకున్నప్పుడు పుట్టే నీటితోనే అది బతుకుతుంది. ఆక్సిజన్ లేనిదే ఆ నీరు పుట్టదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మర్డాక్ బృందం ఆఫ్రికా రైతుల అలసందల కోసం మూడు పొరల సంచి తయారుచేసింది. అందులో పిల్లపురుగులు చివరికి దాహంతో ఎండిపోయి చస్తున్నాయని 2012లో చూపించింది. కాబట్టి డ్రమ్మును అంచుదాకా నింపాలి, ఖాళీ ఉంటే అంత గాలి మిగిలినట్టే. మూత రోజూ తీస్తే రోజూ వాటికి కొత్త ఊపిరి పోసినట్టే. నిలవకొక డ్రమ్ము, రోజువారీ అమ్మకానికి ఇంకో డబ్బా పెట్టుకోండి. నిలవ డ్రమ్ము మీద మూసిన తారీకు చాక్‌పీసుతో రాసి, నెల దాకా చెయ్యి పెట్టకండి.

గిర్నిలో పనిచేసేవాళ్ళ శత్రువు ఎర్ర పిండిపురుగు. గట్టి గింజను కొరికే శక్తి దీనికి అంతగా లేదు. నూక, నుసి, పిండి, వేరే పురుగులు తొలిచిన గింజలు దీనికి కావాలి. అంటే బియ్యంలో ఇది కనపడిందంటే ముక్కుపురుగో, గింజను తొలిచి నుసి చేసే నుసిపురుగో ముందే వచ్చి వెళ్ళిందని లెక్క. గుంపు ఎక్కువై తిండి తగ్గితే పెద్దవి, పిల్లలు కలిసి గుడ్లను, పిల్లకూ పెద్దకూ మధ్య దశలో ఉండి కదలలేని ప్యూపాలను తినేస్తాయి. ఘాటైన రసాయనాలు వదులుతాయి, అందువల్లే పురుగు పట్టిన పిండికి ఆ ముక్కిన వాసన, ఒక్కోసారి గులాబీ ఛాయ. గుంపు తనంతట తానే తగ్గుతుంది గానీ సున్నా కాదు. తిండి మళ్ళీ దొరికిన నాడు మిగిలినవాటితోనే కాపురం మొదలు. పెద్దవి ఏడాదికి పైగా బతకగలవు, అందుకే తొందర లేదు వాటికి.

కాబట్టి గిర్నిని వారం మూసి ఉంచితే పురుగు పోతుందనుకోవద్దు. రాళ్ళ మధ్య, బెల్టు కింద, తొట్టి మూలల్లో, మోటారు దిమ్మె పక్కన గట్టిపడిన పిండి ఒక చెంచాడున్నా వాటికి చాలు. చీపురుతో ఊడిస్తే పిండి పగుళ్ళలోకి ఇంకా లోపలికి పోతుంది. సన్నటి గొట్టమున్న వాక్యూమ్ దొరికితే లాగండి, లేదంటే పాత పెయింటు బ్రష్షుతో పగులు పగులూ దులిపి, ఆ పగుళ్ళను సిమెంటుతో పూడ్పించండి. యజమానితో మందు ఖర్చు గురించి వాదించే ముందు సిమెంటు బస్తా అడగండి.

పగుళ్ళ మాటకొస్తే ఖాప్రా పురుగును మించిన మొండిది లేదు. మన దేశం వైపే పుట్టిన జాతి. వేడి, పొడి వాతావరణం దానికి ఇష్టం. గోధుమ ఎక్కువగా నిలవ ఉన్నచోట చూస్తారు. ఒళ్ళంతా వెంట్రుకలున్న దాని పిల్ల తిండి దొరక్కో గుంపు పెరిగో ఇబ్బంది పడితే గోడ పగుల్లోనో గోనెసంచి కుట్టులోనో దూరి పెరుగుదల ఆపేస్తుంది. ఆ స్థితిలో అప్పుడప్పుడు నాలుగు మెతుకులు దొరికితే ఏళ్ళ తరబడి ఉండగలదు. దాని దగ్గరి చుట్టమైన ఒక జాతిలోనైతే ఆకలితో ఉన్న పిల్ల కుబుసం విడిచిన ప్రతిసారీ ఇంకా చిన్నదవుతూ పోతుంది, తిండి దొరకగానే మళ్ళీ పెరుగుతుంది. అందుకే వాడిన గోనెసంచులు చవగ్గా వస్తున్నాయని కొనవద్దని నేను గట్టిగా చెబుతాను. కొనక తప్పకపోతే తిరగేసి, కుట్లు దులిపి, సలసల కాగే నీళ్ళలో ముంచి, ఎండబెట్టి వాడండి.

ఇక గోళీల సంగతి. దీని మీద కాసేపు ఆగాలి.

'రెండు సెల్ఫాస్ గోళీలు మూటల మధ్య పెట్టి తలుపెయ్యి, తెల్లారేసరికి అన్నీ ఫట్' అని ఎవరో ఒకరు మీకు చెబుతారు. చేయకండి. యజమాని చెప్పినా చేయకండి. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలి ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. మన గల్లీల్లో కింద దుకాణం, వెనక గోదాం, పైన కాపురం. ఆ వాయువు తలుపు సందుల్లోంచి, మెట్లమీదుగా, పైపుల పక్కనుంచి పైకి పోతుంది. మనిషి ప్రాణం తీసే విషం, విరుగుడు లేదు. చట్టప్రకారం దాన్ని ప్రభుత్వ సంస్థలు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళు మాత్రమే వాడాలి. 10, 20 గోళీల గొట్టాల్లో అమ్మడాన్ని 2001లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అయినా ఎక్కడో దొరుకుతుంది, అదే మన దౌర్భాగ్యం.

ప్రాణభయం అలా ఉంచినా, రాత్రికి రాత్రి పెట్టే గోళీ పురుగుల విషయంలోనూ దండగే. ఫాస్ఫీన్‌కు మోతాదు కన్నా సమయం ముఖ్యం. ఒక్కసారిగా ఎక్కువ వాయువు తగిలితే కొన్ని పురుగులు మత్తులో పడి శ్వాస తగ్గించుకుంటాయి, విషం లోపలికి తక్కువగా పోతుంది. గుడ్లు, ప్యూపాలు మామూలుగానే తట్టుకుంటాయి. గాలి చొరని కవరు కింద వారం రోజులు ఉంచితే ఆ గుడ్లు పిల్లలై, ప్యూపాలు పెద్దవై, విషానికి దొరికే దశకు వస్తాయి. ఒక్క రాత్రి ఉంచితే దొరికేవి బలహీనమైనవి, మిగిలేవి బలమైనవి. వాటి సంతానమే మీ గదిలో నిండుతుంది. 1970ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దేశదేశాల పురుగుల్ని సేకరించి పరీక్ష చేయించినప్పుడే ఫాస్ఫీన్‌ను తట్టుకునేవి బయటపడ్డాయి. ఆ తర్వాత మన దేశపు గోదాముల్లోని ముక్కుపురుగు, నుసిపురుగు, పిండిపురుగుల్లో కూడా ఆ గుణం కనపడింది. మనలాంటి చోట్ల కారుతున్న కవర్ల కింద చేసిన తొందరపాటు పనుల చలవే అది.

సరిగ్గా చేయించాలంటే లైసెన్సు ఉన్న మనిషిని పిలిచి, దుకాణానికి దూరంగా ఉన్న గోదాంలో, మనుషులు పడుకోని చోట చేయించాలి. చిన్న దుకాణానికి అసలు ఆ అవసరమే రాకుండా నెలకు సరిపడా సరుకే తెప్పించుకోవడం మేలు. సేట్‌లకు ఈ మాట రుచించదు, టోకున కొంటే చవకని వాళ్ళ లెక్క. తిరిగొచ్చిన మూటల్ని కూడా ఆ లెక్కలో వేసి ఒక నెల చూపించండి.

మెస్సుల్లో, టిఫిన్ సెంటర్లలో పనిచేసేవాళ్ళకు బియ్యం పురుగు కన్నా బొద్దింక ఎక్కువ తలనొప్పి. వంటగదుల్లో గుంపులుగా కనపడే చిన్నరకం బొద్దింక తిండి లేకుండా నీళ్ళుంటే నెల దాకా లాగుతుంది, నీళ్ళు లేకపోతే రెండు వారాలు కూడా కష్టమే. తిండి అంటే మనం అనుకునే తిండి కూడా అక్కర్లేదు. జిగురు, సబ్బు, చచ్చిన తోటి బొద్దింకలు, పెద్దవాటి పెంట, ఏదైనా సరే. అందుకని రాత్రి అంట్లు కడిగేసి వెళ్ళడం చాలదు, ఆరబెట్టి వెళ్ళాలి. సింకు తుడవండి. దోసెపిండి గ్రైండరు కింద చేరిన తడి, ఫ్రిజ్ వెనక నీటి పళ్ళెం, తడిసిన మాపు, లీకయ్యే నల్లా చూసుకోండి. నల్లాకు కొత్త వాషర్ వేయించడం మందు కొట్టించడం కన్నా చవక.

జెల్ మందు చుక్కలు పెట్టించాక అదే చోట స్ప్రే కొట్టకండి. స్ప్రే వాసనకు బొద్దింక జెల్ దగ్గరికే రాదు. ఏళ్ళ తరబడి ఒకే జెల్ కూడా వద్దు. అమెరికాలోని ఫ్లోరిడాలో కొన్ని బొద్దింకలు గ్లూకోజ్ ఉన్న ఎరను ముట్టడం మానేశాయని జూల్స్ సిల్వర్‌మన్ అనే శాస్త్రవేత్త 1993లో ప్రకటించాడు. 2013లో కారణం తేలింది. ఆ బొద్దింకల నోట్లో చేదును పట్టే కణాలు గ్లూకోజ్‌ను కూడా చేదుగానే పసిగడుతున్నాయి. తీపిలో విషం పెట్టి పెట్టి, తీపంటే గిట్టని జాతిని మనమే తయారుచేసుకున్నాం. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వచ్చినప్పుడు 'పోయినసారి ఏ మందు వాడారు, ఈసారి ఏది?' అని అడగండి. ఒకే పేరు చెబితే మార్చమనండి.

ఊరి పేరే సీతాఫలం మీద ఉంది గనక బండి మీద ఆ పండ్లు అమ్ముకునేవాళ్ళకు కూడా ఒక మాట. పండు కన్నుల మధ్య తెల్లగా దూదిలా కనపడేది పిండినల్లి. అది ఒంటిమీద మైనం లాంటి పొర కప్పుకుంటుంది గనక నీళ్ళు చల్లితే జారిపోతాయి. మెత్తటి బ్రష్షుతో దులిపితే పోతుంది. చీమలు చేరిన గంప వేరుగా పెట్టండి, పిండినల్లులు వదిలే తీపి జిగురు కోసం చీమలే వాటిని కాపాడతాయి.

అపార్ట్‌మెంటు వాచ్‌మెన్‌లు, మెస్సుల్లో నీళ్ళ డ్రమ్ములు నింపేవాళ్ళు దోమ విషయంలో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. డెంగీ దోమ గుడ్లు నీళ్ళలో పెట్టదు, నీటి అంచుకు కాస్త పైన, డ్రమ్ము గోడకు అంటిస్తుంది. నీళ్ళు పారబోసి డ్రమ్ము ఎండబెట్టినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. అందుకే 2020లో పురపాలక శాఖ ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అంటూ మొదలుపెట్టిన కార్యక్రమంలోలాగా నీళ్ళు పారబోయడం ఒక్కటే సరిపోదు, పీచుతో లోపలి గోడ గట్టిగా రుద్దాలి. ఇక్కడికి నాలుగడుగుల దూరంలోని బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆయన చూసింది వేరే దోమ. మన డ్రమ్ముల్లో పెరిగేది వేరు, పగటిపూట కుడుతుంది.

ఇంత పని ఎవరు చేస్తారు, జీతం పెరుగుతుందా అని అడుగుతారు. సూటిగా చెప్పాలంటే మొదటి ఏడాది పెరగకపోవచ్చు. కానీ ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ మూట ఏ రోజు వచ్చింది, ఎప్పుడు గొట్టంతో గుచ్చి చూశారు, ఏం కనపడింది, ఏ మందు ఎవరు ఎప్పుడు వాడారు, ఏ మూట తిరిగొచ్చింది. ముందు వచ్చింది ముందు పోవాలి. మూటలు నేలకు ఆనకుండా చెక్కల మీద ఉండాలి, గోడకు మనిషి పట్టేంత ఎడం ఉండాలి, ఆ సందులో మీరు దూరి ఊడవగలగాలి. ఆహార భద్రత సంస్థ 2011 నిబంధనల నాలుగో షెడ్యూలు కూడా తిండి సరుకు నడిపేవాళ్ళను దాదాపు ఇవే అడుగుతుంది. తనిఖీకి ఎవరైనా వచ్చినరోజు సేట్ వెతికేది మీ పుస్తకాన్నే. ఆ మర్నాడు జీతం మాట ఎత్తండి.

ఈ పని మీద ఆసక్తి కలిగి, ఇందులోనే స్థిరపడదామనుకునే డిగ్రీ కుర్రాళ్ళకు దారి ఉంది. పురుగుమందుల నిబంధనలు, 1971 ప్రకారం పెస్ట్ కంట్రోల్ వ్యాపారానికి లైసెన్సు కావాలంటే వ్యవసాయ డిగ్రీ గానీ, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా ఉన్న సైన్సు డిగ్రీ గానీ ఉండాలి. దాంతోపాటు గుర్తింపు పొందిన సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ సర్టిఫికెట్ కావాలి. అలాంటి సంస్థల్లో ఒకటి రాజేంద్రనగర్‌లోనే ఉంది, జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ. మిగతావి మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, ఉత్తరప్రదేశ్ హాపూర్‌లోని ధాన్యం నిలవ సంస్థ. బీఎస్సీలో జువాలజీ, కెమిస్ట్రీ చదివి ఏ ఉద్యోగం రాలేదని తిరిగేవాళ్ళు ఒకసారి రాజేంద్రనగర్ వెళ్ళి తర్వాతి బ్యాచ్ ఎప్పుడో, ఫీజు ఎంతో కనుక్కోండి. డిగ్రీ లేనివాళ్ళు లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గర టెక్నీషియన్‌గా చేరవచ్చు. చేరే ముందు మాత్రం చేతి తొడుగులు, ముఖానికి తగిన మాస్కు ఎవరు కొనిస్తారో అడగండి. 'అవన్నీ ఎందుకు, అలవాటైపోతుంది' అని సమాధానం వస్తే అక్కడ చేరకండి.